తాళం చెవి కూడా అమానతే

గత వేసవిలో ఒక ఉదయం మేము నరసరావుపేటలోని ఒక మెకానిక్ షెడ్డులో కూర్చోవలసి వచ్చింది. మా బండి పని మీదనే వెళ్లాం. అదే సమయానికి పదమూడేళ్ల నాటి చిన్న కారును ఒకదానిని తాడు కట్టి లాక్కొచ్చారు. వెంట ఆ కారు యజమాని, ఆయన కుమారుడు వచ్చారు. యజమాని ఊళ్లో దర్జీ దుకాణం నడుపుతారు, మాకు చిరకాలంగా పరిచితులు. కుమారునికి పందొమ్మిదేళ్లు, డిగ్రీ చదువుతున్నాడు. రాత్రి ఇద్దరూ నిద్రపోలేదని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది.

జరిగిన సంగతి ఇది. యజమాని తల్లిగారికి గుండె జబ్బు. నెలకొకసారి ఆమెను గుంటూరులో వైద్యునికి చూపించాలి. బస్సు ప్రయాణం ఆమెకు పడదు. అందుకోసమే ఆయన నాలుగేళ్ల క్రితం తన పొదుపు సొమ్ముకు ఒక మిత్రుడిచ్చిన వడ్డీ లేని అప్పును జోడించి 1,60,000 రూపాయలకు ఆ పాత కారు కొన్నారు. ముందురోజు మధ్యాహ్నం తల్లిగారిని ఎక్కించుకుని గుంటూరు బయలుదేరారు. ఫిరంగిపురం దాటిన తరువాత బండి ముందు భాగం నుంచి ఆవిరి లేచింది. ఇంజన్ ఆగిపోయింది. ఏప్రిల్ ఎండలో, సరైన చెట్టు నీడ కూడా లేనిచోట, డెబ్బై దాటిన ఆ తల్లి దాదాపు గంటసేపు రోడ్డు పక్కన కూర్చున్నారు. చివరకు ఒక ఆటోలో ఆమెను గుంటూరు చేర్చారు. అల్లాహ్ దయవల్ల ఆమెకు ఏ అపాయమూ కలగలేదు. వైద్యుడు ఇచ్చిన సమయం మాత్రం దాటిపోయింది.

షెడ్డులో ఉస్తాద్ బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తీసి చూశారు. మూత లోపల పాలు కలిపిన టీ రంగులో జిడ్డు పేరుకుని ఉంది.

"హెడ్ గ్యాస్కెట్ పోయింది భాయ్. నీళ్లు ఆయిల్‌లో కలిశాయి" అన్నారు. తరువాత క్లచ్ తొక్కి చూశారు. వెనుక టైర్లను చేత్తో తడిమి చూశారు. కాసేపు ఏమీ అనలేదు. అటుపైన కుమారుని వైపు తిరిగి, "బేటా, రేడియేటర్‌లో చన్నీళ్లు ఎప్పుడు పోశావు?" అని నెమ్మదిగా అడిగారు.

ఆ యువకుడు తల దించుకున్నాడు. తరువాత ఒక్కొక్కటిగా చెప్పాడు. రమజాన్ చివరి రోజుల్లో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగిశాక నలుగురు మిత్రులను ఎక్కించుకుని బైపాస్ మీద మరొక కారుతో పోటీపడ్డాడు. కోటప్పకొండ దారిలో హ్యాండ్ బ్రేక్ లాగి బండిని గిర్రున తిప్పాడు. తిరిగి వస్తుండగా ఇంజన్ వేడిని చూపే సూది ఎర్ర గీత దాటింది. దారిలో ఒక హోటల్ ముందు ఆపి, పొగలు కక్కుతున్న రేడియేటర్‌లో చన్నీళ్లు పోసి ఇల్లు చేరాడు. తండ్రికి చెప్పలేదు. మరునాడు బండి మామూలుగానే కదిలింది కనుక అంతా సర్దుకున్నదని అనుకున్నాడు. ఆ తరువాత మూడు వారాలు అది ఊళ్లోనే కొద్ది దూరాలు తిరిగింది. దూర ప్రయాణానికి బయలుదేరిన మొదటి రోజునే నిలిచిపోయింది.

తండ్రి కేకలు వేయలేదు. ఒకే ప్రశ్న అడిగారు, అది కూడా ఉస్తాద్‌ను.

"ఆ రాత్రే నాకు చెప్పి ఉంటే ఎంతలో పోయేది భాయ్?"

"గొట్టం చిట్లి సన్నగా కారుతోంది. కొత్త గొట్టం, క్లిప్పులు, కూలంట్ అన్నీ కలిపి పన్నెండు వందలు."

తరువాత తయారైన బిల్లును మేము చూశాం. హెడ్ ఫేసింగ్, గ్యాస్కెట్, రేడియేటర్, వాటర్ పంపు, ఆయిల్, కూలి కలిసి 21,500 రూపాయలు. క్లచ్ సెట్టుకు 8,500. వెనుక టైర్లు రెండింటికీ, సస్పెన్షన్ బుష్‌లకూ 11,000. మొత్తం 41,000 రూపాయలు. కుమార్తెను కాలేజీలో చేర్పించడానికి దాచిన సొమ్ము అందుకు కరిగిపోయింది.

ఆ కారును నాశనం చేసింది ఒక్క రాత్రి వేగమే అనుకుంటే పొరపాటు. వేగం చేసిన గాయం 1,200 రూపాయలది. దానిని 21,500కు పెంచింది మూడు వారాల మౌనం. ఈ నెల మా పాఠకులతో మాట్లాడదలచినది ఆ మౌనం గురించే.

పైకి కనిపించని నష్టం

మన పల్నాటి ఇళ్లలో కారు చాలావరకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే. అది విలాస వస్తువు కాదు. మాచర్ల నుంచో, గురజాల నుంచో రోగిని గుంటూరు ఆసుపత్రికి చేర్చే సాధనం. చెల్లెలి నిఖాహ్‌కు సామాను మోసేది అదే. కొందరికి అదే జీవనోపాధి. అటువంటి బండి యువకుల చేతికి వచ్చేసరికి ఆటవస్తువుగా మారుతోంది.

పాత బండికి ఒక గుణం ఉంది. అది వెంటనే ఫిర్యాదు చేయదు. కొట్టిన దెబ్బను లోపల దాచుకుని, తరువాత ఎవరో ఒకరు నడుపుతున్నప్పుడు బయటపెడుతుంది. దెబ్బ కొట్టింది ఒకరైతే బాధ అనుభవించేది మరొకరు. మన దర్జీ సోదరుని ఇంట్లో బాధ అనుభవించింది నానమ్మ.

ఈ నష్టం ఎలా జరుగుతుందో యువకులు తెలుసుకోవాలి. తెలిస్తే చాలామంది మానుకుంటారనే మా నమ్మకం.

పదేళ్లు దాటిన కారులో రబ్బరు గొట్టాలు, బుష్‌లు, సీళ్లు గట్టిపడి పగుళ్లు వారుతుంటాయి. రేడియేటర్ సన్నని గొట్టాలలో తుప్పు, మడ్డి చేరుతాయి. మెల్లగా నడిపినంతకాలం అవి నెట్టుకొస్తాయి. యాక్సిలరేటర్‌ను అదేపనిగా నొక్కి ఇంజన్‌ను గరిష్ఠ వేగానికి తీసుకువెళితే వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఎండలకు పేరుపడిన రెంటచింతల మన జిల్లాలోనిదే. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము, నాపరాళ్ల లారీలు లేపే ధూళి రేడియేటర్ రెక్కల మధ్య పేరుకుంటాయి. ఇటువంటి చోట ఇంజన్ చల్లబడడమే కష్టం. చాలా కార్లలో ఇంజన్ హెడ్ అల్యూమినియంతో చేసి ఉంటుంది. అది అతిగా వేడెక్కితే వంకర పోతుంది. కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే వంకర పోవడమే కాదు, పగులు కూడా రావచ్చు. అప్పుడు గ్యాస్కెట్ దెబ్బతిని నీళ్లు ఆయిల్‌లోకి చేరుతాయి. ఆయిల్ పలచబడితే లోపలి బేరింగులు అరిగిపోతాయి. అక్కడి నుంచి ఇంజన్ మొత్తం విప్పవలసిన స్థితి ఎంతో దూరం ఉండదు.

క్లచ్ సంగతి కూడా అంతే. సగం తొక్కి పట్టుకుని ఇంజన్‌ను గర్జింపజేసి ఒక్కసారిగా వదిలితే టైర్లు కీచుమంటాయి. మిత్రులు చప్పట్లు కొడతారు. లోపల క్లచ్ ప్లేటు మాత్రం కాలిపోతుంది. జాగ్రత్తగా నడిపేవారి చేతిలో ఏళ్ల తరబడి మన్నే ప్లేటు ఇలా కొద్ది నెలల్లోనే అరిగిపోతుంది. హ్యాండ్ బ్రేక్ లాగి బండిని తిప్పినప్పుడు తిరగకుండా ఈడ్చుకుపోయే వెనుక టైర్లు ఒకేచోట చదునుగా అరుగుతాయి. ఆ తరువాత ఎంత నిదానంగా నడిపినా ఆ టైరు శబ్దం చేస్తూనే ఉంటుంది. వానకాలంలో జారుతుంది. గుంతను చూసి కూడా వేగం తగ్గించకపోతే బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు ఒకదాని వెంట ఒకటి పోతాయి.

బ్రేకుల విషయం మరింత తీవ్రమైనది. వేగం రెట్టింపైతే బండిలో చేరే శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారును ఆపడానికి బ్రేకులు ఎంత వేడిని భరిస్తాయో, 80 వద్ద దానికి నాలుగింతలు భరించాలి. పాత బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. అటువంటి ఆయిల్ అధిక వేడికి మరిగి లోపల బుడగలు పుట్టిస్తుంది. అప్పుడు పెడల్ నేలకంటినా బండి ఆగదు. 80 వేగంతో పోయే బండి ఒక్క క్షణంలో దాదాపు 22 మీటర్లు సాగిపోతుంది. నడిపేవాడు ప్రమాదాన్ని గుర్తించి పెడల్ మీద కాలు వేసే లోపలే ఆ దూరం గడిచిపోతుంది.

పాత కారులో రక్షణ ఏర్పాట్లు తక్కువన్న సంగతి కూడా మరవరాదు. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్‌ను మన దేశంలో అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి చేసింది 2019లో. ఏబీఎస్ బ్రేకులను తప్పనిసరి చేసింది కూడా ఆ ఏడాదే. అంతకుముందు తయారైన చిన్న కార్లలో చాలావాటికి ఈ రెండూ లేవు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో బాగా అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి పరీక్షించింది. పెద్దల రక్షణలో ఆ ఐదింటికీ ఒక్క నక్షత్రం కూడా దక్కలేదు. ఆ కాలపు కార్లే ఈనాడు మన వీధుల్లో సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీద అటువంటి కారును 120కి తీసుకువెళ్లే యువకుడు ధైర్యవంతుడు కాడు. తాను ఎక్కిన బండి ఏమిటో తెలియనివాడు.

బిల్లుతో ఆగని ఖర్చు

"ఇన్సూరెన్స్ ఉంది కదా" అనే మాట మనం తరచుగా వింటుంటాం. ఈ మాటను ఒకసారి పరిశీలిద్దాం.

పాత కార్లకు చాలామంది థర్డ్ పార్టీ బీమా మాత్రమే కట్టిస్తారు. అది మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి ఉద్దేశించినది. మన బండి మరమ్మతుకు దాని నుంచి రూపాయి కూడా రాదు. పూర్తి బీమా ఉన్నా అరుగుదలకూ, యంత్రం లోపలి వైఫల్యానికీ సాధారణ పాలసీ వర్తించదు. కాలిన క్లచ్చు, వంకర పోయిన హెడ్డు ఈ కోవలోకే వస్తాయి. ప్రమాదం జరిగి క్లెయిము చేసినా రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీ విలువలో సాధారణంగా సగమే లెక్కిస్తారు. క్లెయిము లేకుండా ఐదేళ్లు గడిపితే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం వరకు లభించే తగ్గింపు కూడా ఒక్క క్లెయిముతో చేజారుతుంది.

లైసెన్సు లేని వ్యక్తి నడుపుతుండగా ప్రమాదం జరిగితే బీమా సంస్థ బాధితులకు పరిహారం చెల్లించినా, ఆ మొత్తాన్ని వాహన యజమాని నుంచి రాబట్టుకునేలా న్యాయస్థానాలు ఆదేశిస్తున్నాయి. అంటే ఒక రాత్రి సరదా తండ్రి ఇంటి మీదకే అప్పుగా వచ్చి పడవచ్చు.

2025 జూలై 2న సుప్రీంకోర్టు వెలువరించిన ఒక నిర్ణయాన్ని ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. 2014 జూన్‌లో కర్ణాటకలో ఒక వ్యక్తి తన కుటుంబ సభ్యులతో కారులో వెళుతూ, అతివేగం వల్ల అదుపు తప్పి బండి బోల్తాపడి మరణించాడు. అతని భార్య, కుమారుడు, తల్లిదండ్రులు 80 లక్షల రూపాయల పరిహారం కోరారు. ప్రమాదానికి మృతుని నిర్లక్ష్యమే కారణం కనుక అతని వారసులు పరిహారం కోరజాలరని కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పింది. న్యాయమూర్తులు పి.ఎస్. నరసింహ, ఆర్. మహదేవన్‌ల ధర్మాసనం ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. నడిపినవాడు పోయాడు. అతనిపై ఆధారపడినవారికి పరిహారమూ దక్కలేదు. ఇంటికి ఆధారమైన యువకుడు యాక్సిలరేటర్‌ను నొక్కే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. మరణాలలో 71.2 శాతానికి అతివేగమే కారణమని ఆ నివేదిక పేర్కొంది.

మరొక ఖర్చు కూడా ఉంది. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అందుకు రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. బండి తనిఖీలో కూడా నెగ్గాలి. జాగ్రత్తగా వాడిన కారు ఆ మెట్టు దాటి మరో ఐదేళ్లు సేవ చేస్తుంది. చితకబాదిన కారు తుక్కు కింద పోతుంది. ఆ ఇంటివారు మళ్లీ మరొక అప్పు వెతుక్కోవాలి.

పెద్దల వాటా

ఇంతవరకు యువకులను ఉద్దేశించి మాట్లాడాం. న్యాయం చెప్పాలంటే పెద్దల వైపు కూడా చూడాలి.

"మావాడు తొమ్మిదో తరగతిలోనే కారు నడిపాడు" అని నలుగురిలో గర్వంగా చెప్పుకునే తండ్రులను మనం చూస్తూనే ఉన్నాం. అది గర్వకారణం కాదు, నేరం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. వాహన రిజిస్ట్రేషన్ 12 నెలలపాటు రద్దవుతుంది. ఆ పిల్లవానికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు లభించదు. పందెం వేసుకుని రోడ్డు మీద పరుగు తీయడం కూడా అదే చట్టం కింద ప్రత్యేక నేరం.

మరికొన్ని ఇళ్లలో తల్లికి అంతా తెలుసు. నాన్నకు తెలిస్తే గొడవ అవుతుందని ఆమె దాచిపెడుతుంది. గీత పడిన తలుపును గోడవైపు తిప్పి నిలిపిస్తుంది. ఇది ప్రేమే, కాదనం. కాని దాచిన ప్రతిసారీ పిల్లవాడు ఒక పాఠం నేర్చుకుంటాడు. తప్పు చేయడం కన్నా తప్పు బయటపడడమే పెద్ద ప్రమాదమని అతనికి అర్థమవుతుంది.

ఆ మౌనానికి తండ్రులు కూడా కొంత కారణమే. చిన్న గీత పడినందుకు నలుగురి ముందు చెంప మీద కొట్టే తండ్రికి, సూది ఎర్ర గీత దాటిందని ఏ కొడుకు చెప్పగలడు? నిజం చెప్పడం అంత ఖరీదైన ఇంట్లో పిల్లలు అబద్ధాన్నే ఎంచుకుంటారు. షెడ్డులో మన దర్జీ సోదరుడు కేకలు వేయకపోవడం మాకు గొప్పగా తోచింది. అయితే ఆయనే తరువాత మాతో ఒక మాట అన్నారు: "ఇవాళ నేను అరవలేదు. కాని ఇంతకుముందు చాలాసార్లు అరిచాను. అందుకే వాడు చెప్పలేదు." ఆత్మవిమర్శ అంటే ఇదే.

లుఖ్మాన్ హితవు, తడిసిన ధాన్యం

ఒక తండ్రి తన కుమారునికి చేసిన హితబోధ దివ్య ఖుర్ఆన్‌లో లుఖ్మాన్ అధ్యాయంలో ఉంది. ఏకదైవారాధన, నమాజు, సహనం వంటి మహత్తర విషయాలతో పాటు ఆ తండ్రి నడక గురించి, గొంతు గురించి కూడా చెప్పాడు. నేల మీద అహంకారంతో నడవవద్దని, నడకలో మితం పాటించమని, స్వరం తగ్గించమని కుమారుని కోరాడు. ఆనాటి ప్రజలు కాలినడకన, ఒంటెల మీద సంచరించారు. ఈనాడు మన నడక నాలుగు చక్రాల మీద సాగుతోంది. సైలెన్సర్ మార్పించి వీధిని అదరగొట్టడం, నిద్రపోతున్న పసిబిడ్డలను, రోగులను ఉలిక్కిపడేలా చేయడం ఆ హితవుకు అనుగుణమేనా? ప్రతి యువకుడూ తనను తాను ప్రశ్నించుకోవాలి.

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిందని సహీహ్ ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. వానకు తడిసిందని వర్తకుడు బదులిచ్చాడు. ప్రజలకు కనిపించేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన మందలించారు. ధాన్యం తడవడం ఆ వర్తకుని తప్పు కాదు. తడిని కింద దాచడమే తప్పు. సూది ఎర్ర గీత దాటిన రాత్రి పచ్చినీళ్లు పోసి, తుడిచి, ఉదయానికి కారును మామూలుగా నిలబెట్టిన యువకుడు చేసింది కూడా అటువంటిదే. పైన పొడి ధాన్యం, కింద తడి. అటువంటి కారును లోపం చెప్పకుండా మరొకరికి అమ్మేవారికైతే ఈ హదీసు నేరుగానే వర్తిస్తుంది.

మన పవిత్ర రాత్రుల విషయంలో కూడా కొంత సిగ్గుపడవలసి ఉంది. షబె మేరాజ్, షబె బరాత్ రాత్రులలో హైదరాబాదు పోలీసులు పలు ఫ్లైఓవర్లను మూసివేస్తున్నారు. ఆ రాత్రుల్లో యువకులు బైకులతో, కార్లతో పందేలు వేసుకుంటారన్న భయమే అందుకు కారణం. ఆరాధనలో గడపవలసిన రాత్రి మన పిల్లల వల్ల వంతెనలు మూసుకోవలసిన రాత్రిగా మారింది. మన పల్నాడులో ఆ స్థితి రాకముందే మేలుకోవాలి. ఈ జాడ్యం ఒక్క మన దేశానిదే కాదు. సౌదీ అరేబియాలో కార్లను రోడ్డు మీద జారుస్తూ తిప్పే ఆటను తఫ్హీత్ అంటారు. ఎందరో యువకుల ప్రాణాలు దానివల్ల పోగా, 2016లో అక్కడి ప్రభుత్వం శిక్షలను కఠినం చేసింది. మొదటిసారి పట్టుబడితేనే 20,000 రియాళ్ల జరిమానా, 15 రోజులపాటు వాహనం జప్తు.

ఇంట్లో ఏం చేయాలి?

షెడ్డులో ఉస్తాద్ చెప్పిన మాటలకు మా అనుభవం జోడించి కొన్ని సూచనలు ఇక్కడ ఉంచుతున్నాం.

తాళం చెవిని గోడకు తగిలించి ఎవరికి కావాలంటే వారు తీసుకునేలా వదలకండి. లైసెన్సు ఉన్నవారే అడిగి తీసుకోవాలి, తిరిగి చేతికే ఇవ్వాలి. తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పడం అలవాటు చేయండి. "బ్రేకు కొంచెం కిందికి పోతోంది నాన్నా", "ఎడమ వైపు శబ్దం వస్తోంది అబ్బా" అన్న ఒక్క మాట చాలు. ఆ మాట విన్న పెద్దలు ముందు "మంచిది, చెప్పావు" అనాలి. ప్రశ్నలు తరువాత.

బండి తీసే ముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఆయిల్, కూలంట్ మట్టం చూడడం పిల్లలకు నేర్పండి. బండి కింద నేల మీద మరకలున్నాయేమో చూడమనండి. నెలకొకసారి టైర్లలో గాలి కొలిపించండి. కొడుకుతో పాటు కూతురికి కూడా ఇవి నేర్పండి. బండి సంగతి తెలిసినవారు బండిని హింసించరు.

వేడి చూపే సూది పైకి లేస్తే వెంటనే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజన్ ఆపాలి. రేడియేటర్ మూతను వేడి మీద తెరవరాదు. మరిగే నీరు ముఖం మీదకు చిమ్ముతుంది. కనీసం అరగంట చల్లారనివ్వాలి. ఆపైన కూడా నడిపి తీసుకురావడానికి తొందరపడక మెకానిక్‌కు ఫోన్ చేయాలి. లాక్కొచ్చే ఖర్చు ఇంజన్ విప్పే ఖర్చు కన్నా ఎప్పుడూ తక్కువే.

పిల్లవాని తప్పు వల్ల ఖర్చు వస్తే ఆ బిల్లును అతనికి చూపండి. తిట్లకు బదులు లెక్క చెప్పండి. ఆ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో, దానివల్ల ఇంట్లో ఏది ఆగిపోయిందో తెలియనివ్వండి. తన శక్తి మేరకు కొంత తీర్చే బాధ్యత అప్పగించండి.

పండుగల ముందు, బారాత్‌ల సందర్భంలో కిటికీల నుంచి బయటికి వేలాడుతూ పోవడం, పందేలు వేయడం గురించి మన మస్జిదుల బాధ్యులు జుమా ప్రసంగాలలో రెండు మాటలు చెప్పించాలి. దారిలో నుంచి హాని కలిగించే వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. మరి మనమే దారిలో హానిగా మారితే?

ఆ దర్జీ సోదరుని ఇంటికి మేము ఈమధ్య వెళ్లాం. కారు గుమ్మం ముందు నిలిచి ఉంది. కుమారుడు ఆదివారాలు అదే ఉస్తాద్ షెడ్డులో పని నేర్చుకుంటూ, వచ్చిన కూలిలో కొంత ఇంట్లో ఇస్తున్నాడని తెలిసింది. 41,000లో అతను తీర్చింది ఇంకా తక్కువే. ఆడపిల్ల కాలేజీ ఫీజుకు తండ్రి మళ్లీ అప్పు చేయవలసి వచ్చింది. అందుచేత ఇది అంతా బాగుపడిన కథ అని మేము చెప్పబోము. కాని మేము కూర్చుని ఉండగానే ఆ కుమారుడు బయటి నుంచి వచ్చి, తాళం చెవి తండ్రి చేతిలో పెట్టి అన్నాడు: "అబ్బా, ముందు కుడి టైరులో గాలి తగ్గుతోంది. చిన్న మేకేమో. నానమ్మను తీసుకువెళ్లే ముందు చూపించాలి."

తండ్రి తల ఊపారు. అరుగు మీద కూర్చున్న నానమ్మ, "జీతే రహో బేటా" అన్నారు.

మన చేతికందిన ప్రతి వస్తువూ అమానతేనని గ్రహించి, దానిని కాపాడే ఓర్పును, తప్పు జరిగినప్పుడు నిజం చెప్పే ధైర్యాన్ని మన పిల్లలకూ, ఆ నిజాన్ని వినే హృదయ వైశాల్యాన్ని మనకూ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.